గోడ అవతల ఎవరున్నారు

ఆ వానాకాలం నేను బతికున్నానో లేదో తేల్చే పని ఒక పదేళ్ళ పిల్ల మీద పడింది. ఆ పని ఎలా చెయ్యాలో వేలు పట్టుకుని నేర్పిందీ నేనే.

వానలకి బడి పైకప్పు కారి, గదుల్లో నీళ్ళు నిలిచి, బెంచీలు ఉబ్బిపోయాయి. మరమ్మతు అయ్యేదాకా పిల్లల్ని ఇళ్ళలోనే ఉంచి ఆన్‌లైన్లో చదివిద్దామన్నారు. పాఠాలకి టీచర్లున్నారు. ప్రాజెక్టులు దగ్గరుండి చేయించడానికి మాత్రం ఓపికున్న మనిషి కావాలని నాకు ఫోన్ చేశారు. పూర్వం ఆ బళ్ళోనే సైన్సు చెప్పి మానేసినదాన్ని. ఇంట్లో నా ఓపిక ఎలాగూ ఊరికే పడి ఉంది కదా అని ఒప్పుకున్నాను.

పని పద్ధతి ఇదీ. ప్రతి పిల్లా ఒక ప్రశ్న ఎంచుకోవాలి. దాని జవాబు పుస్తకంలో దొరక్కూడదు, సొంత ఇంట్లోనే వెతుక్కోవాలి. ముందు తన ఊహ రాయాలి, తర్వాత చూసిందీ విన్నదీ రాయాలి, చివర్న తేల్చాలి. ఇదంతా గుంపులో అందరికీ కనిపించే పేజీలో. గైడుకి ఒకటే నియమం, జవాబు చెప్పకూడదు. పిల్ల ఏమడిగినా తిరిగి ఇంకో ప్రశ్నే అడగాలి. అసలు పేర్లూ చిరునామాలూ ఎవరూ రాయకూడదు కాబట్టి పిల్లలు మారుపేర్లతో వచ్చేవాళ్ళు. నన్ను గైడ్ మేడమ్ అనేవాళ్ళు.

నాకు ఆ విద్య చేపకి ఈతలా వచ్చింది. పనులన్నీ పంచిపెట్టే కోఆర్డినేటరమ్మ, మీరు పుట్టడమే ప్రశ్న అడుగుతూ పుట్టారేమో మేడమ్ అని మెచ్చుకుంది. మా అత్తగారుంటే ఆ మాటే వేరే గొంతుతో అని ఉండేది.

ఇంట్లో మేమిద్దరమే. మా ఆయన కట్టుడు పళ్ళు తయారు చేస్తారు. వెనక గదే ఆయన పనిగది. డాక్టర్లు పంపిన ప్లాస్టర్ అచ్చులు అలమరా నిండా ఉంటాయి. కింది వరసా పై వరసా బిగించుకుని, పెదాలు లేకుండా నవ్వుతుంటాయి. ఊళ్ళో సగం మంది నోళ్ళు మా ఇంట్లోనే ఉండేవి. మాట్లాడే నోరు మాత్రం కరువు. పొడి లోపలికి పోకుండా ఆయన ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, చిన్న మోటారు మీద పళ్ళు అరగదీస్తూ కూర్చునేవారు. భోజనం పెట్టనా అంటే తలాడించేవారు. దగ్గు తగ్గిందా అంటే తలాడించేవారు. మా మధ్య గొడవేం లేదు. గొడవైతే తీరేది. ఇది గోడకి చెమ్మ ఎక్కడం లాంటిది. ఏ రోజు ఎక్కిందో ఎవరూ చెప్పలేరు.

ఆయన పనిగదీ, పక్కనే నేను కంప్యూటర్ పెట్టుకున్న గదీ రెండూ వెనక గోడని ఆనుకునే ఉంటాయి. ఆ గోడ అవతల వెనక వీధి బిల్డింగు. రెండు బిల్డింగులూ వీపులు ఆనించుకుని కూర్చున్న మనుషుల్లా ఒకే గోడ మీద నిలబడ్డాయి. అక్కడివాళ్ళ మొహం చూడాలంటే వీధి చివరిదాకా వెళ్ళి చుట్టి రావాలి. ఆ అవసరం మాకెప్పుడూ రాలేదు.

నా గుంపుల్లో ఒకదాంట్లో ముగ్గురుండేవాళ్ళు. ఒకడు ఆవులింత. ఆవులింత ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి ఎలా అంటుకుంటుందన్నది వాడి ప్రశ్న. రెండో పిల్ల తూనీగ. వానకి ముందు చీమలు ఎటు పోతాయో చూస్తానంది. మూడో పిల్ల తనకి సున్నా అని పేరు పెట్టుకుంది. అదేం పేరమ్మా అంటే, నేను కలిసినా లెక్క మారదు కదా మేడమ్ అంది. ఆ గొంతులో దిగులు లేదు, కూడిక చెప్పినట్టు చెప్పింది.

ఆ పిల్ల పేజీలో మొదటి రోజు ఇలా రాసింది. "నా ప్రశ్న: మా గోడ అవతల ఎవరున్నారు? మా అమ్మ నర్సు. రాత్రి డ్యూటీ కాబట్టి పగలు పడుకుంటుంది. నేను చప్పుడు చెయ్యకూడదు. మనం చప్పుడు చెయ్యకపోతే వేరేవాళ్ళ చప్పుళ్ళు వినిపిస్తాయి."

వినడానికి ఏం వాడుతున్నావని రాశాను. చెవి, స్టీలు గ్లాసు అని జవాబొచ్చింది.

తర్వాత రోజూ రాసేది. గోడ అవతల ఒక మగాయన ఉన్నారు, దగ్గుతారు. కోపమొచ్చిన దోమ లాంటి చప్పుడొకటి వస్తుంది, ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. ఒక ఆవిడ కూడా ఉంది. ఆవిడ మాటలు వినపడవు, మాటల రాగం వినపడుతుంది. ప్రతిసారీ చివర్న పైకి లేస్తుంది. అంటే ఆవిడ ప్రశ్నలు అడుగుతుంది. ఎవరూ జవాబు చెప్పరు. కాసేపు ఆగి ఇంకో ప్రశ్న అడుగుతుంది.

చదివి ముచ్చటపడ్డాను. ఇంత శ్రద్ధగా వినే పిల్లని నా జన్మలో చూడలేదు. జవాబు రాలేదని ఎలా చెప్పగలవు, నీకు వినపడలేదంటే రాలేదనేనా అని రాశాను. మంచి ప్రశ్న అడిగానని నన్ను నేనే మెచ్చుకుని, టీ పెట్టుకోవడానికి లేచాను.

నాలుగు రోజులు పోయాక ఇలా రాసింది. "నిన్న సాయంత్రం గిన్నె మూత కింద పడింది. చాలాసేపు తిరిగి తిరిగి ఆగింది. అప్పుడు ఆవిడ ఏదో అడిగింది. ఎవరూ ఏం అనలేదు. తర్వాత ఆవిడ నవ్వినట్టో ఏడ్చినట్టో చప్పుడు వచ్చింది. రెండింట్లో ఏదో తేల్చుకోలేకపోయాను."

నిన్న సాయంత్రం మా వంటింట్లో మూత పడింది. బొంగరంలా తిరుగుతుంటే చూస్తూ నిలబడి, అది ఆగాక పనిగది వైపు తిరిగి, అదిరిపడ్డారా అని అడిగాను. జవాబు లేదు. నేను నవ్వానో ఏడ్చానో నాకూ గుర్తులేదు.

చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేశాను. ఆ ఇయర్‌ఫోన్ల వల్లే కదా, మిగతా గుంపుల పిల్లలు చెప్పే జవాబులు నాకొక్కదానికే వినపడేవి. గోడకి వినపడేది నా ప్రశ్నలొక్కటే. గోడ మీద అరచెయ్యి ఆనించాను. చల్లగా, తడిగా ఉంది. సరిగ్గా అక్కడే అవతల ఒక స్టీలు గ్లాసు, దాని వెనక ఒక చిన్న చెవి ఉన్నాయని తోచి, కాలినట్టు చెయ్యి లాక్కున్నాను.

కోఆర్డినేటరమ్మకి ఫోన్ చేసి విషయం చెప్పబోయాను. ఆవిడ నన్ను చెప్పనిస్తేనా? సున్నా ప్రాజెక్టు అందరికీ చూపిస్తున్నానంది, ఆ పిల్ల బళ్ళో నోరు విప్పదు, ఇక్కడ చూడండి ఎలా రాస్తోందో అంది, మీరు మాత్రం పుణ్యముంటుంది, నోరు జారి జవాబు చెప్పేయకండి అని పెట్టేసింది.

అప్పటి నుంచి నా ఇల్లు నాకు వినపడడం మొదలైంది. పీట జరిపితే ఉలిక్కిపడేదాన్ని. చెప్పులు మానేసి, పిల్లిలా నడిచేదాన్ని. దగ్గొస్తే కొంగులో దగ్గేదాన్ని. రోజూ పొద్దున్న పేజీ తెరిచి, ముందు రోజు నేనేం చేశానో చదువుకునేదాన్ని. చాలాసార్లు అందులో నేను ఉండేదాన్ని కాదు.

వారం చివర్న ముగ్గురూ తమ ఊహలు గుంపుకి చెప్పాలి. వాన వల్ల నెట్ సరిగా రాక కెమెరాలు కట్టేసుకునేవాళ్ళం. నల్లటి గళ్ళలోంచి గొంతులు వచ్చేవి.

"నా ఊహ," అంది సున్నా. "ఆవిడ చనిపోయింది. ఆయనకి తెలుసు. ఆవిడకి తెలీదు."

ఆవులింత కిసుక్కుమన్నాడు. దయ్యమైతే మూతలెందుకు పడేస్తుందే, దానికి చేతులుంటాయా అన్నాడు. తూనీగ, దయ్యాలకి వంటెందుకని వాడితో కలిసింది. కరెంటు బిల్లు ఎవరి పేరున వస్తుందో కనుక్కోమని వాడు మళ్ళీ అన్నాడు. సున్నా తొణకలేదు. వంట చప్పుడు ఇద్దరికి సరిపడా వస్తుంది, తినే చప్పుడు ఒక్కరిదే, ఒకటే కంచం అంది. ఆయన ఫోన్లో ఎవరెవరితోనో మాట్లాడతారు, నవ్వుతారు కూడా, కాబట్టి ఆయన మూగ కాదు, చెవిటీ కాదు, ఆవిడ మాటే ఆయనకి చేరడం లేదు అంది.

ఆయన తిన్నాక వంటింట్లో నిలబడి గిన్నెలోనే కలుపుకుని తినడం నాకెప్పుడు అలవాటైందో గుర్తు చేసుకోబోయాను. గుర్తు రాలేదు. ఆయన ఫోన్లో నవ్వుతారన్న సంగతి మాత్రం ఆ పిల్ల చెప్పేదాకా నాకు తెలీదు.

గైడుగా నేను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. గొంతు సరిచేసుకుని అడిగాను.

"నీ ఊహ తప్పని తేలాలంటే ఏం వినిపించాలి?"

వాన చప్పుడు రెండు వైపులా ఒక్కలాగే ఉంది.

"ఆవిడ అడిగినదానికి ఆయన జవాబు చెప్పాలి. లేకపోతే ఆయన ఆవిడని పిలవాలి. బతికున్నవాళ్ళని పిలుస్తారు కదా మేడమ్."

"ఎప్పటిదాకా చూస్తావు?"

"బడి తెరిచేదాకా. అప్పటికీ పిలవకపోతే చనిపోయిందనే రాసేస్తాను."

మంచి పరీక్ష, చక్కగా పెట్టావు అన్నాను. ఇంకేమంటాను?

ఆ మధ్యాహ్నమే పనిగది గుమ్మంలో నిలబడ్డాను. ఎంత పిచ్చిదాన్నయ్యానంటే, తలాడించి తప్పించుకోలేని ప్రశ్నలు ముందే ఆలోచించి పెట్టుకున్నాను. డాక్టర్లకి పళ్ళ సెట్లు ఇవ్వడానికి రేపు ఎన్నింటికి బయల్దేరతారని అడిగాను. ఆయన అరగదీస్తున్న దవడ మీంచి చూపు తిప్పకుండానే మూడు వేళ్ళు చూపించారు. ఏ చొక్కా తియ్యమంటారు అన్నాను. తలుపు వెనక తగిలించిన చొక్కా వైపు గడ్డం చూపించారు. వాన తగ్గుతుందంటారా అన్నాను. భుజాలెగరేశారు. అలమరాలో దవడలన్నీ నన్ను చూసి నవ్వాయి. మోటారు మళ్ళీ మొదలైంది.

గోడవైపు చూశాను. అవతల ఏం రాసుకుని ఉంటుందో నాకు తెలుసు. ఆవిడ మూడు ప్రశ్నలు అడిగింది, జవాబు లేదు.

బడి కప్పు పని అయిపోవస్తోందని కబురొచ్చింది. నాకు మొండితనమొచ్చింది. అడిగి చెప్పించుకున్న జవాబు ఏం జవాబు? నేనే ఇంకో పరీక్ష పెట్టాను. మాట్లాడడం మానేశాను. గొంతు పోయిందని చెప్పి, పిల్లలకి అన్నీ టైపు చేసేదాన్ని. వంట చేసి, కంచంలో పెట్టి, బల్ల మీద ఉంచి లోపలికి వచ్చేసేదాన్ని. నేను మాట్లాడకపోతే ఆయనకి ఎన్నాళ్ళకి తెలుస్తుందో చూద్దామనుకున్నాను. చెప్పేదేముంది, చెరువు మీద అలిగినవాడి సామెత ఉండనే ఉంది.

మర్నాడు పేజీలో ఇలా ఉంది. "ఆవిడ నిన్నంతా లేదు. ఆయనకి తెలిసినట్టు లేదు. ఎప్పట్లాగే ఉన్నారు."

ఆ తర్వాత రోజు ఇలా రాసింది. "ఇవాళ కూడా లేదు. వెళ్ళిపోయిందేమో. పని అయిపోతే దయ్యాలు వెళ్ళిపోతాయట. ఆవిడ పనేమిటో నేను కనుక్కోలేదు."

దాని కింద గైడు ప్రశ్న రాయాలి. ఒక ప్రశ్న కూడా తోచలేదు.

మూడో రోజు భోజనాల వేళ దాటాక మబ్బు బాగా కమ్మింది. ఇల్లంతా మసక. నేను నా గదిలో, కుర్చీలో, గోడకి తల ఆనించి కూర్చున్నాను. చటుక్కున కరెంటు పోయింది. పక్క గదిలో మోటారు సన్నగా మూలిగి ఆగిపోయింది. ఆయన లేచిన చప్పుడు. తలుపు తీసి హాల్లోకి వచ్చి నిలబడ్డారు.

"దీపం ఎక్కడుంది?" అన్నారు.

నేను పలకలేదు. కావాలని కాదు. ఎక్కడుందో చెప్పాలని నోరు తెరిచాను, మాట రాలేదు. మూడు రోజులు వాడకపోతే గొంతు నిజంగానే పోతుందేమో తెలీదు.

ఆయన వంటింట్లోకి వెళ్ళారు. స్నానాల గది తలుపు తట్టారు. వీధి తలుపు తీసి మళ్ళీ వేశారు. అప్పుడు నా పేరు పెట్టి పిలిచారు. ఏమోయ్ కాదు, ఇదిగో కాదు, పేరు. ఎంతకాలమైందంటే, ఎవరినో పిలుస్తున్నారనుకున్నాను.

నా గది గుమ్మంలోకి వచ్చారు. తెల్లటి ప్లాస్టర్ వంక చూసీ చూసీ కళ్ళకి చీకటి అలవాటు కాలేదేమో, సరిగ్గా నావైపే చూశారు. నేనూ ఆయన్నే చూస్తున్నాను. గుడ్డ గడ్డం కిందకి జారి ఉంది. కనుబొమల నిండా తెల్లటి పొడి. ఆ మొహం కూడా బతికున్న మనిషి మొహంలా లేదు. నన్ను చూస్తూనే ఉన్నారు, నేను కనపడలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

ఒక చేత్తో రెండో చెయ్యి పట్టుకుని చూసుకున్నాను.

హాల్లోంచి రెండోసారి పిలిచారు. మూడోసారి పిలిచినప్పుడు ఆ గొంతు మధ్యలో విరిగింది. ఆయన గొంతు అలా విరగగలదని నాకు తెలీదు.

"ఊఁ," అన్నాను.

పరిగెత్తుకొచ్చారు, గడప తగిలి తూలారు. "ఉన్నావా? ఇక్కడే ఉన్నావా? ఇందాకట్నుంచి పిలుస్తుంటే వినపళ్ళేదా?"

"వినపడింది. తలాడించాను."

ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన అరిచారు. అవును, మా ఆయన అరిచారు. చీకట్లో తలాడిస్తే ఎవడికి కనిపిస్తుందన్నారు. వెలుతురులో ఆడిస్తే మాత్రం ఎవరికి వినిపిస్తుందన్నాను. ఇక మొదలైంది. ఏళ్ళ తరబడి దాచుకున్నదంతా ఇద్దరం ఆ గోడ పక్కనే కుమ్మరించుకున్నాం. అందులో సగం గుర్తుపెట్టుకోదగ్గది కాదు. ఒకటి మాత్రం ఉండిపోయింది.

"నీకు జవాబు చెప్పి ఏం లాభం?" అన్నారు. "ఒకటి చెప్తే రెండోది అడుగుతావు. దగ్గు తగ్గిందంటే ఎప్పుడు తగ్గిందంటావు, పొద్దున్నంటే ఎన్నింటికంటావు. నేను నీ క్లాసులో పిల్లాణ్ణా? తల ఊపితే అక్కడితో వదిలేస్తావని కనిపెట్టాను."

ప్రశ్న ఒకటి నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

తర్వాత మంచమ్మీద పక్కపక్కనే కూర్చుని, గోడ అవతలి పిల్ల సంగతి చెప్పాను. నువ్వు చచ్చిపోయావని తేల్చబోతోందా అన్నారు. ఆఁ అన్నాను. లేచి వెళ్ళి గోడ మీద చెయ్యి వేసి, "వాళ్ళమ్మ పడుకుని ఉంటుందేమో, మనం కాస్త మెల్లిగా అరుచుకోవలసింది," అన్నారు.

బడి తెరిచే ముందు ఆఖరి సమావేశం. ఆవులింత, ఆవులింతలు అంటుకోవడం నిజమేనని తేల్చి, చెబుతూనే నలుగురం ఆవులించేలా చేశాడు. తూనీగ, చీమలు తనకంటే తెలివైనవని ఒప్పుకుంది. సున్నా వంతు వచ్చింది.

రాసుకున్నది చదివింది. ఆవిడ ఉంది. రుజువు ఏమిటంటే, ఆయన పేరు పెట్టి పిలిచారు. పేరు నాకు వినపడింది కానీ పేర్లు రాయకూడదు కాబట్టి రాయడం లేదు. మూడోసారికి పలికింది. తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. మా అమ్మ కూడా లేచి కూర్చుంది, దయ్యంతో ఎవరూ అంతసేపు పోట్లాడరు అంది.

"అయితే నీ ఊహ తప్పేగా," అన్నాడు ఆవులింత.

"తప్పు కాదు," అంది సున్నా. "ముందు రాసినవన్నీ నిజమే. అప్పటిదాకా ఆవిడ లేదు. పిలిచాక వచ్చింది."

గైడు ఇక్కడ ఒక ప్రశ్న అడగాలి. నేను అడగలేదు. బాగా తేల్చావమ్మా అన్నాను. పిల్లలిద్దరూ టాటా చెప్పి వెళ్ళిపోయారు. రెండు గళ్ళు మాయమయ్యాయి. మూడోది అలాగే ఉంది.

"మేడమ్, ఒకటి అడగొచ్చా? మీరు తిరిగి ప్రశ్న అడగకూడదు."

"అడుగు."

"ఒక్కసారి ఊఁ అనండి."

అవతల ఆ పిల్ల తన ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టిన చప్పుడు. చిన్న చిన్న అడుగులు. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. వెనక గోడ చెమ్మతో మెరుస్తోంది. నియమాలు తెలుసు నాకు. పేర్లు చెప్పకూడదు, చిరునామా చెప్పకూడదు, జవాబు అసలే చెప్పకూడదు.

"ఊఁ," అన్నాను.

నా గొంతు నా చెవుల్లోకి, ఒక క్షణం ఆలస్యంగా, సన్నగా, గోడ అవతలి గదిలో ఆ పిల్ల మైకులోంచి వచ్చింది.

పక్క గదిలో మోటారు ఆగింది. "నన్నేనా?" అన్నారు మా ఆయన.

అది కూడా రెండుసార్లు వినిపించింది.